విజయవాడలో మా అన్నని చూపించిన లివర్ ఓపీ: డాక్టర్‌కి 5 స్టార్లు, మొత్తానికి మూడున్నర

హాస్పిటల్ పేరు రాయట్లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. తాగుడు వల్ల లివర్ పాడైన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎటు పోవాలో తెలియక కూర్చున్నవాళ్ళ కోసం రాస్తున్నా.

మా అన్నకి 44, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. మొదట్లో వారానికోసారి తాగేవాడు, నాలుగేళ్ళుగా రోజూ. సంక్రాంతి దాటాక కళ్ళు పచ్చబడ్డాయి, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టట్లేదు. కామెర్లే కదా అని ఇంట్లో పసరు పోయించారు, రెండు వారాలు అలానే పోయాయి. ఆ రెండు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది నాకు. కామెర్లు అనేది ఒక గుర్తు అంతే, అది ఎందుకొచ్చిందో చూడాలి కదా, పైగా ఇలాంటి లివర్‌కి కొన్ని ఆకుమందులు ఇంకా చెరుపు చేస్తాయంట, ఆ ముక్క డాక్టర్ చెప్తుంటే వదిన మొహం చూడలేకపోయా.

ఓపీలో టోకెన్ తీసుకున్నాక మూడు గంటలు కూర్చోబెట్టారు, కానీ లోపలికెళ్ళాక తొందరపెట్టలేదు. ఎంత తాగుతావయ్యా అంటే అన్న "ఏముంది సార్, రోజుకి రెండు పెగ్గులు" అన్నాడు. వదిన నేల చూపులు చూస్తోంది. డాక్టర్ ఏమీ అనలేదు, నర్సుని పిలిచి ఒక స్టీలు గ్లాసు, నీళ్ళ బాటిల్ తెప్పించి "ఇంట్లో ఎంత పోసుకుంటావో అంత పొయ్యి" అన్నారు. పోశాడు. దాన్ని కొలత గ్లాసులోకి వంపితే సరిగ్గా 90 ఎంఎల్. అలాంటివి రెండంటే ఒక క్వార్టర్, అంటే 180 ఎంఎల్. మన వైన్స్‌లో దొరికే బ్రాందీ విస్కీ 42.8 శాతం ఉంటుంది కాబట్టి ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ వెళ్తుందంట. బీరే కదా అనుకునేవాళ్ళకి కూడా చెప్తున్నా, 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే 40 గ్రాములు. అన్న ఆ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు, ఇన్నాళ్ళూ ఎవరు తిట్టినా వినని మనిషి.

తర్వాత పాత రిపోర్టు వెనక పెన్నుతో గీసి చూపించారు. ముందు లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది, నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు, ఆ దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే చాలామందికి తగ్గిపోతుంది. మానకపోతే కొందరిలో వాపు వస్తుంది, ఇంకా సాగితే మచ్చలు పడి గట్టిపడుతుంది, అదే సిర్రోసిస్. అందరికీ ఇదే వరసలో రావాలని లేదు, షుగరూ ఒళ్ళూ ఉన్నవాళ్ళకి రిస్క్ ఎక్కువ, ఆడవాళ్ళకైతే తక్కువ మోతాదుకే దెబ్బ తగులుతుంది. అన్నకి ఎస్‌జీఓటీ 148, ఎస్‌జీపీటీ 61 (రెండూ లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), అలా మొదటిది రెండో దానికి రెట్టింపు పైన ఉంటే తాగుడు వల్లే అని అనుమానిస్తారంట. బిలిరుబిన్, అంటే కామెర్లలో కళ్ళని పచ్చబరిచే పదార్థం, 4.2, స్కానింగ్‌లో పొట్టలో కొద్దిగా నీరు. హెపటైటిస్ బి, సి కూడా చూశారు, అవి లేవు.

నాకు నమ్మకం కుదిరింది ఎక్కడంటే, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్) చేయించమని నేనే అడిగా, బయట ల్యాబ్‌లో ప్యాకేజీ అని చెప్పారు కాబట్టి. డాక్టర్ వద్దన్నారు. లోపల వాపు, పొట్టలో నీరు ఉన్నప్పుడు ఆ రీడింగ్ నమ్మలేం, మానేసి రెండు నెలలయ్యాక చూద్దాం, ఇప్పుడు డబ్బులు దండగ అన్నారు. ఎండోస్కోపీ మాత్రం తప్పదన్నారు, లివర్ గట్టిపడితే గొంతు నుంచి పొట్టలోకి వెళ్ళే గొట్టంలో రక్తనాళాలు ఉబ్బి ఒక్కోసారి చిట్లుతాయి కాబట్టి. అన్నకి చిన్నవే ఉన్నాయి, మాత్ర రాశారు.

డైటీషియనమ్మ గురించి చెప్పకపోతే పాపం. మేం అప్పటికే గుడ్డు, పప్పు మాన్పించి గంజి పోస్తున్నాం, పత్యం అని. ఆవిడ తల పట్టుకుంది. కండ కరిగిపోతోందమ్మా, ఈయనకి మామూలు మనిషి కంటే ఎక్కువ ప్రొటీన్ కావాలి, కేజీ బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు అని, గుడ్లు పాలు పప్పు అన్నీ రాసిచ్చింది. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినితీరాలంట, ఎందుకంటే పాడైన లివర్‌లో చక్కెర నిల్వ పెద్దగా ఉండదు, ఒక్క రాత్రి ఖాళీ కడుపుతో పడుకున్నా ఒంట్లో కండనే కరిగించుకుంటుంది. ఉప్పు మాత్రం రోజు మొత్తానికి ఒక టీస్పూన్ దాటకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు బంద్. గుంటూరు మనిషికి ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇక నా కోపం. "ఇవాళ్టి నుంచీ చుక్క ముట్టకు" అని పంపించారు, మంచిదే. కానీ రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఆ రోజు మాకు ఒక్కళ్ళూ చెప్పలేదు, చీటీలోనూ రాయలేదు. మర్నాటికి చేతులు వణుకుడు, చెమటలు. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని దుప్పటితో కొడుతున్నాడు, పిల్లలు వణికిపోయారు. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని మళ్ళీ అదే హాస్పిటల్‌కి పరిగెత్తాం. ఎమర్జెన్సీ వాళ్ళు బాగా చూశారు, గ్లూకోజ్ పెట్టేముందే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చారు, నాలుగు రోజుల్లో మనిషి మనిషయ్యాడు. కానీ ఫిట్స్ వచ్చుంటే? ప్రాణాలు పోయే అవకాశం కూడా ఉందని అక్కడి జూనియర్ డాక్టరే చెప్పాడు. ఇలా కాకుండా ముందుగానే ఇచ్చే మాత్రలున్నాయి, అవసరమైతే అడ్మిట్ చేసుకుని మాన్పిస్తారు. మీరు వెళ్తే మొదటి రోజే రోజుకెంత తాగుతాడో, ఆపితే చేతులు వణుకుతాయో లేదో మొత్తం దాచకుండా చెప్పి, ఎలా మాన్పించాలో అడిగి మరీ రండి.

ఇంకోటి, ఈ జబ్బుకి అసలు వైద్యమే మానడం కదా, మరి మాన్పించే సైకియాట్రీ డాక్టర్ పక్క బిల్డింగులో, అదీ మంగళవారం శుక్రవారం మాత్రమే. లివర్ డాక్టర్ వేరే రోజుల్లో. రెండుసార్లు గుంటూరు నుంచి రాను పోను, అన్నకి రెండు రోజుల జీతం కోత. దూరం వెళ్ళలేనివాళ్ళు గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి చేసి మాట్లాడండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు, వదిన రెండుసార్లు చేసింది.

రెండు నెలలైంది. బిలిరుబిన్ 1.6కి దిగింది, పాదాల వాపు లేదు, రాత్రి తొమ్మిదిన్నరకి రాగిజావ ఏదని అన్నే అడుగుతున్నాడు. ఫైబ్రోస్కాన్ ఇప్పుడు చేశారు, మచ్చలు బాగానే పడ్డాయి, ఇక జీవితాంతం చుక్క ముట్టకూడదు, ఆరునెలలకోసారి స్కానింగ్ చేయించుకోవాలి అన్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో మొదటిసారే రాశా, లివర్ ఓపీ ఉన్న రోజే సైకియాట్రీ డాక్టర్‌ని కూడా కూర్చోబెట్టమని. మొన్న రివ్యూకి వెళ్తే బోర్డు మీద ఇంకా మంగళ, శుక్ర అనే ఉంది, మళ్ళీ రాసిచ్చి వచ్చా.