పల్లి బటర్ ఫడ్జ్: చక్కెర పాకమా, మిల్క్‌మెయిడా, బెల్లమా?

సంక్రాంతి దాటిందంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల్లో యాసంగి పల్లికాయ కుప్పలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో పాలమూరు ఇళ్లలో పల్లి పట్టీలు, ముద్దలు, పొడి, తొక్కు ఎట్లాగూ చేస్తారు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసి పీనట్ బటర్ ఫడ్జ్ కూడా అడుగుతున్నారు. ఇది అమెరికా వాళ్ల ఇళ్లలో చేసుకునే మిఠాయి. నోట్లో వేసుకుంటే పాలకోవా లాగే మెత్తగా కరిగిపోతుంది. చేసే తీరులు చాలా ఉన్నాయి కానీ మన వంటింట్లో ఆలోచించాల్సినవి మూడే. నా మాట ముందే చెప్తాను: మన ఎండలకు చక్కెర, పాలు కాచి చేసేదే మేలు. కష్టం ఎక్కువే, కానీ నిలబడేది అదొక్కటే.

ముందు పల్లి బటర్ సంగతి. పల్లీలు పండే జిల్లాలో ఉండి డబ్బా కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. కొన్ని డబ్బాల్లో నూనె పైకి తేలకుండా గట్టిపరిచిన కొవ్వు కలుపుతారు, చక్కెర కూడా వేస్తారు. దానితో ఫడ్జ్ కొంచెం సులువుగా గట్టిపడుతుంది, నిజమే. కానీ అప్పుడే వేయించిన పల్లి వాసన అందులో రాదు.

ఇంట్లో చేసేటప్పుడు మొదట పల్లీలు ఏరుకోవాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా ఉండొద్దు. బూజుతో వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. ఏరినవాటిని సన్న మంట మీద ఓపికగా వేయించి, చల్లారినాక గుడ్డలో నలిపి, చాటలో చెరిగి పొట్టు పోగొట్టాలి. మిక్సీ జార్‌లో తడి చుక్క కూడా ఉండకూడదు. తిప్పుతుంటే మొదట పొడి అవుతుంది, తర్వాత ముద్దకట్టి అంచులకు అతుక్కుంటుంది. చాలామంది అక్కడ ఆగి నూనో నీళ్లో పోస్తారు. ఏమీ పోయొద్దు. పల్లీల్లో దాదాపు సగం నూనే. జార్ వేడెక్కితే కాసేపు ఆపి, అంచులు గీరి మళ్లీ తిప్పితే ఆ నూనె తనంతట తానే బయటికొచ్చి, ముద్ద జారుగా అవుతుంది. నిల్వ ఉంచితే నూనె పైకి తేలుతుంది కాబట్టి వాడే ముందు అడుగు నుంచి బాగా కలపాలి.

ఇక చక్కెర పాకం తీరు. 400 గ్రాముల చక్కెర, గ్లాసుడు పాలు (200 మిల్లీలీటర్లు), చిటికెడు ఉప్పు మందపు గిన్నెలో పెట్టాలి. బర్రె పాలైతే మరీ మంచిది, వెన్న శాతం ఎక్కువ. పాలు పొంగుతాయి కాబట్టి గిన్నె కొంచెం లోతుగా ఉండాలి. చక్కెర కరిగేదాకా కలిపి, అంచులకంటిన పలుకులను తడి గుడ్డతో తుడిచేసి, ఉడుకు మొదలయ్యాక అడుగంటకుండా అప్పుడప్పుడు మెల్లగా కదిపితే చాలు. థర్మామీటర్ ఉంటే 113 నుంచి 115 డిగ్రీలు అని రాస్తారు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు ఇక్కడ 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే ఒకటిన్నర డిగ్రీ తగ్గించి చూసుకోవాలి. అసలు థర్మామీటరే అక్కర లేదు. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. అరిసెల పాకం పట్టే అవ్వ ఎవరైనా ఇంట్లో ఉంటే ఆమెను పొయ్యి దగ్గర నిలబెట్టండి, ‘ఇగ దించు బిడ్డా’ అన్నప్పుడు దించేయండి.

అసలు కిటుకు దించాక ఉంది. 200 గ్రాముల పల్లి బటర్, రెండు చెంచాల వెన్న పైన వేసి, గిన్నెను కదపకుండా వదిలేయాలి. వేడి మీద కలిపితే చక్కెర పెద్ద పలుకులుగా కట్టి పంటికి ఇసుకలా తగులుతుంది. గిన్నె అడుగు చేతికి గోరువెచ్చగా తగిలినప్పుడు కలపడం మొదలుపెడితే పలుకులు నాలుకకు తెలియనంత సన్నగా వస్తాయి. గరిటె తిప్పుతూ ఉంటే మొదట నిగనిగలాడుతుంది, బరువెక్కుతుంది, ఒక్కసారిగా ఆ మెరుపు పోయి మసకబారుతుంది. ఆ క్షణంలోనే వెన్న రాసిన తాంబాళంలో పరిచేయాలి. ఆలస్యం చేస్తే గిన్నెలోనే గట్టిపడుతుంది.

మిల్క్‌మెయిడ్ (చక్కెర వేసి చిక్కబరిచిన డబ్బా పాలు) తీరులో ఈ పాట్లేవీ లేవు. ఒక డబ్బా మిల్క్‌మెయిడ్, పావు కిలోకు కొంచెం తక్కువ పల్లి బటర్, కాస్త వెన్న సన్న మంట మీద కలుపుతూ, ముద్ద గిన్నె అంచులు వదిలాక పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. చుట్టాలు సాయంత్రం వస్తారంటే ఇదే దిక్కు, రుచి కూడా బాగుంటుంది. కాకపోతే ఫ్రిజ్ మీద ఆధారపడిన మిఠాయి ఇది. ఏప్రిల్‌లో నల్లగొండ ఎండకు బల్ల మీద పెడితే ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. కొందరు గట్టితనం కోసం వైట్ చాక్లెట్ కరిగించి పోస్తారు. అందులోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండాకాలంలో ఇంటి లోపలే అంతకు మించిన వేడి ఉంటుంది. పైగా పల్లి రుచిని అణిచేస్తుంది. దాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

బెల్లంతో చేస్తే ఆరోగ్యం కదా అని అడిగేవాళ్లకు నా సమాధానం: ఫడ్జ్‌కు మాత్రం వద్దు. బెల్లంలోని పులుపు వల్ల ఒక్కోసారి ఉడుకుతున్న పాలు విరిగిపోతాయి. పైగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వంటి చక్కెరలు అందులో ఎక్కువ. అవి పలుకు కట్టనివ్వవు కాబట్టి ఎంత కలిపినా మసకబారదు, సాగుతూనే ఉంటుంది. బెల్లమే కావాలంటే పల్లి పట్టీ చేసుకోండి. ముదురు పాకంలో బెల్లం ఎంత బాగా కుదురుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. లేదంటే పల్లి ముద్దలు, పొయ్యి మీద పాకం కూడా పెట్టక్కర్లేదు.

హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్న పిల్లలకు బస్సులో పంపాలన్నా చక్కెర పాకం ఫడ్జే పంపండి. ముక్కలు కోశాక పూర్తిగా ఆరనిచ్చి, మధ్య మధ్య బటర్ పేపర్ వేసి గట్టి మూత డబ్బాలో సర్దితే బయట వారం రోజులు బాగానే ఉంటుంది.