కుళాయిలకు ఫుల్ మార్కులు, ట్రాక్టర్‌కు కోత: పిల్లలతో ఫామ్ చూసొచ్చాక

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. మల పరీక్షలు, కల్చర్లు (క్రిముల్ని పెంచి చూసే పరీక్షలు) నాకు రోజూ ఉండేవే. అందుకే పిల్లల్ని ఫామ్‌కి తీసుకెళ్దామని మా ఆయన అనగానే, అక్కడ మేకపిల్లలున్నాయా అని కాదు, కుళాయిలు ఎక్కడున్నాయని అడిగాను. నవ్వారు. నవ్వితే నవ్వనీ.

ఈ ఫామ్‌లో నాకు బాగా నచ్చింది దారి వేసిన తీరు. కొట్టంలోకి వెళ్ళే గేటు వేరు, బయటికొచ్చే గేటు వేరు. బయటి గేటు దాటగానే ఎదురుగా కుళాయిల వరుస. అది దాటకుండా తినే చోటికి పోవడానికి సందే లేదు. కింది వరుస కుళాయిలు మా అయిదేళ్ళ పాపకి ఎవరూ ఎత్తుకోకుండానే అందాయి. సబ్బు ఉంది, తుడుచుకోవడానికి పేపర్ ఉంది. ఒక అమ్మాయి పక్కనే నిలబడి "వేళ్ళ సందుల్లో కూడా రుద్దు పాపా" అని ప్రతి పిల్లకీ ఓపిగ్గా చెబుతోంది. ఎవరో శానిటైజర్ ఉందా అని అడిగితే, "సబ్బుతో కడిగాక కావాలంటే రాసుకోండి, కడగకుండా మాత్రం కాదు" అంది. సరిగ్గా చెప్పింది. పెంట అంటిన చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికైతే ఆల్కహాల్ లెక్కే కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆవులు, మేకలు, గొర్రెల పేగుల్లో ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. జంతువు మాత్రం చూడ్డానికి శుభ్రంగా, హుషారుగానే ఉంటుంది. మనిషికి అంటుకోవడానికి చాలా కొద్ది క్రిములు చాలు. అయిదేళ్ళలోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. రక్త విరేచనాలతో మొదలై కొందరిలో కిడ్నీల దాకా పోతుంది. 2009లో ఇంగ్లండ్‌లోని గాడ్‌స్టోన్ ఫామ్ నుంచి 93 మందికి సోకింది, వాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలే. ఇంకో చిక్కు, లక్షణాలు మామూలుగా 3, 4 రోజులకు గానీ బయటపడవు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. అప్పటికి ఫామ్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? వెళ్ళొచ్చాక పిల్లలకు రక్త విరేచనాలైతే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఫామ్‌కి వెళ్ళొచ్చామని చెప్పండి. సొంతంగా విరేచనాలు కట్టే మాత్రలూ, యాంటీబయాటిక్స్ వేయొద్దు.

కోడిపిల్లల దగ్గరికొచ్చేసరికి నాకు మండింది. "ముద్దు పెట్టండి, ఫొటో దిగండి" అని బోర్డు! కోడిపిల్లలతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకుతుంది, అందులోనూ బొటనవేలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి. ముట్టుకోవాలంటే పెద్దవాళ్ళు పట్టుకుని చూపించవచ్చు, మూతి దగ్గరికి ఎందుకు? ఆ పక్కనే చిరుతిళ్ళ బండి కూడా పెట్టారు. గేట్లూ కుళాయిలూ అంత ఆలోచించి కట్టినవాళ్ళు ఇక్కడ ఏం ఆలోచించారో అర్థం కాలేదు.

ట్రాక్టర్ సవారీ ఇంకా టెన్షన్. ట్రాలీకి చుట్టూ కడ్డీలున్నాయి, కూర్చోడానికి బెంచీలున్నాయి, బాగుంది. కానీ ఏడుస్తున్నాడని ఒక బాబును డ్రైవర్ తన పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకున్నాడు. నేను అభ్యంతరం చెబితే, "నెమ్మదిగానే పోతాను కదమ్మా" అన్నాడు. స్పీడు సంగతి కాదు. మడ్‌గార్డ్ మీంచి జారితే పిల్లాడు పడేది ఆ పెద్ద చక్రం ముందే, ఎంత నెమ్మదిగా పోయినా బ్రేకు వేసే టైమ్ ఉండదు. ట్రాక్టర్‌కి సీటు ఒకటే, దాని మీద మనిషీ ఒక్కడే. సవారీ అయ్యాక తాళం బండికే వదిలేసి టీకి వెళ్ళాడు కూడా.

చెరువు చుట్టూ కంచె ఉంది, గేటు గడియ పెద్దవాళ్ళకే అందేంత ఎత్తులో పెట్టారు. దాని గురించి చెప్పడానికింకేం లేదు.

అయిదుకు మూడు ఇస్తున్నాను. ఆ బోర్డు తీసేసి, చిరుతిళ్ళ బండిని కుళాయిల అవతలికి జరిపితే ఇంకో మార్కు. ట్రాక్టర్ విషయం మేనేజర్‌కి రాసిచ్చి వచ్చాను, డ్రైవర్‌తో మాట్లాడతానన్నారు. మీరు వెళ్తే పాలపీకలు, బొమ్మలు, నీళ్ళ సీసాలు కొట్టం బయటే వదిలి వెళ్ళండి. ఇంట్లోకి వచ్చేముందు చెప్పుల అడుగులు కడగండి, ఆ తర్వాత చేతులు మళ్ళీ ఒకసారి.