వెన్లఫాక్సిన్: ఒక్క పూట ఆలస్యాన్ని కూడా ఓర్వని మందు

డిప్రెషన్‌కు వాడే వెన్లఫాక్సిన్ మీద నాకు ఉన్నది ఒకే ఫిర్యాదు, కొన్నేళ్లు వాడిన తర్వాత కూడా అది చల్లారలేదు: ఈ మందు ఒంట్లో నిలవదు. ఇది మెదడులోని సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాల మీద పనిచేస్తుందనీ, గుణం కనిపించడానికి వారాలు పడుతుందనీ చీటీ రాసిన రోజే డాక్టర్లు చెబుతారు కనుక ఆ సంగతులు మళ్లీ రాయను. నాకు ఆ రోజు ఎవరూ చెప్పనిది దీని అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం) సుమారు 5 గంటలేననీ, కాలేయంలో ఇది మారి తయారయ్యే డెస్‌వెన్లఫాక్సిన్‌ది కూడా 11 గంటలకు అటూ ఇటూగానే ఉంటుందనీ. నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూల్ అయితే రోజుకు ఒకసారి వేసుకుంటే సరిపోతుంది గానీ, రక్తంలో చేరిన మందు బయటికి పోయే వేగాన్ని ఆ క్యాప్సూల్ తగ్గించలేదు.

ఇది నాకు బోధపడింది మందుల దుకాణంలో నిల్వ అయిపోయిన ఒక వారాంతంలో. సరుకు సోమవారం వస్తుందనీ, అంతవరకు ఆగితే కొంప మునిగేదేమీ లేదనీ కౌంటరు దగ్గరి మనిషి ధీమాగా చెప్పాడు. వేసుకోవలసిన వేళ దాటిన మర్నాడే తల తిప్పినప్పుడల్లా, కొన్నిసార్లు కళ్లు పక్కకు కదిపినా చాలు, పుర్రె లోపల సన్నగా కరెంటు షాకు కొట్టినట్టు కాసాగింది. దానికి తోడు వికారం, చెమటలు, మెలకువ వచ్చాక కూడా వదలని కలలు, ఎవరు పలకరించినా విసుగు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండించింది, ఫోన్ చేస్తే క్లినిక్‌లో డ్యూటీలో ఉన్న వ్యక్తి ఇదంతా విని, డిప్రెషన్ తిరగబెట్టినట్టుందనీ, మోతాదు పెంచాల్సి రావచ్చనీ అనడం. జబ్బు తిరగబెట్టడమనేది సాధారణంగా వారాల మీద మెల్లగా జరుగుతుంది, అందులో ఈ షాకులు ఉండవు. మందు ఆగడం వల్ల వచ్చే బాధలు ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, మందు మళ్లీ పడగానే త్వరగా సర్దుకుంటాయి. నాకూ సోమవారం క్యాప్సూల్ వేసుకున్నాక రాత్రికల్లా అన్నీ సద్దుమణిగాయి, మా డాక్టరు గారు మోతాదు జోలికే వెళ్లలేదు.

ఇంతమాత్రాన మందు పనిచేయలేదని అనుకోవద్దు. అంతకుముందు వాడిన, ప్రధానంగా సెరటోనిన్ మీదే పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులతో రాని మార్పు దీనితో వచ్చింది. స్నానం చేయడానికే బలం కూడదీసుకోవలసిన రోజులు పోయాయి. అయితే మొదట్లో అందరికీ సంతోషంగా చెప్పుకున్న "ఏడుపు ఆగిపోయింది" అన్న మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి, ఏడవవలసిన చోట కూడా ఏడుపు రావడం లేదు. మోతాదు పెంచాక రక్తపోటు పెరిగి, దాన్ని క్రమం తప్పకుండా చూపించుకోవలసి వచ్చింది. లైంగికాసక్తి తగ్గడం గురించి నన్ను ఎవరూ అడగలేదు, అదీ ఉంది.

డాక్టరు గారి సలహాతో తగ్గించడం మొదలుపెట్టినప్పుడు ఆ పాత ఫిర్యాదే మరింత పెద్దదైంది. 150 మిల్లీగ్రాముల నుంచి 75కు దిగినట్టే తెలియలేదు, 75 నుంచి 37.5కు దిగడం మాత్రం నరకమే అయింది. సెరటోనిన్‌ను నాడీకణాల్లోకి వెనక్కి లాక్కునే ప్రోటీన్లైన ట్రాన్స్‌పోర్టర్లలో దాదాపు 80 శాతం కనీస చికిత్సా మోతాదుకే మందుతో నిండిపోతాయి కనుక, పై స్థాయిలో సగం తగ్గించినా పెద్దగా తేడా రాదు, అడుగున కాస్త తగ్గించినా చాలా ఖాళీ అవుతాయి. 2019లో పరిశోధకులు మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఎస్‌ఎస్‌ఆర్‌ఐల విషయంలో ఈ లెక్కే చూపించి, చివరి తగ్గింపులు మరీ చిన్నవిగా ఉండాలన్నారు. నాకు దొరికే క్యాప్సూళ్లలో 37.5 కంటే చిన్నది లేదు. పై మెట్లన్నీ జానెడేసి కట్టి ఆఖరి మెట్టును నిలువెత్తున వదిలేసినట్టుంది.

ఫ్లూయోక్సెటిన్ అనే మరో డిప్రెషన్ మందు నుంచి శరీరంలో తయారయ్యే చురుకైన రూపానికి అర్ధాయువు 4 నుంచి 16 రోజులు, అందువల్ల అది తనంతట తానే మెల్లగా దిగుతుంది. అందుకే కొందరు డాక్టర్లు ఆఖరి దశలో రోగిని దానికి మారుస్తారు. వచ్చే అపాయింట్‌మెంటులో నేను అడగబోయేది అదే. రక్తపోటు ఉన్నవారూ, వేళకు మందు దొరుకుతుందన్న భరోసా లేనివారూ వెన్లఫాక్సిన్‌కు ఒప్పుకునే ముందు ఈ సంగతులు తమ డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది. ముందరి మందులు నాకు పనిచేసి ఉంటే దీని దగ్గరికి వచ్చేదాన్నే కాదు. మళ్లీ ఆ స్థితే వస్తే మాత్రం బహుశా దీన్నే అడుగుతాను, అయితే మొదటి చీటీతోపాటే ఆపే పద్ధతి కూడా రాయించుకుని.