నాలుగు థర్మల్ పేస్ట్‌లు, పదహారు బిగింపులు

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్‌లు నాలుగు తీసుకుని కొలిచాను. కూలర్ డబ్బాలో ఉచితంగా వచ్చిన చిన్న సిరంజ్ ఒకటి, ఆర్కటిక్ ఎమ్‌ఎక్స్-4, నోక్టువా ఎన్‌టీ-హెచ్1, థర్మల్ గ్రిజ్లీ క్రయోనాట్. ఏది ఎలా ఉందో చెబుతాను గానీ, ముందు నేను తప్పుగా కొలిచిన సంగతి చెప్పాలి. ఆ తప్పు తెలియకపోతే మిగతా అంకెలకు అర్థమే ఉండదు.

మొదటిసారి ఒక్కో పేస్ట్‌ని ఒక్కసారే పూశాను. అరగంట పూర్తి లోడ్‌లో నడిపి, స్క్రీన్ మీద కనిపించిన టెంపరేచర్ రాసుకున్నాను. పొద్దున్నే కొలిచిన పేస్ట్ 4 డిగ్రీల తేడాతో గెలిచింది. చాలా సంతోషం వేసింది. అనుమానం కొద్దీ సాయంత్రం దాన్నే మళ్లీ పూసి చూస్తే ఆఖరి స్థానానికి పడిపోయింది. పొద్దున గదిలో 27 డిగ్రీలు, సాయంత్రానికి 31. నేను కొలిచిందల్లా గది వేడినే.

రెండోసారి అన్నీ కట్టుదిట్టం చేసుకున్నాను. బయాస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగ్‌లు ఉండే చోట) ప్రాసెసర్ పవర్‌ని 120 వాట్లకు పరిమితం చేశాను. ఫ్యాన్లను 1200 ఆర్‌పీఎం దగ్గర ఆపేశాను. ఫ్యాన్లను ఆటోలో వదిలితే వేడి పెరిగిన కొద్దీ అవే వేగం పెంచుకుంటాయి, పేస్ట్ చేతకానితనం గాలి హోరులో కలిసిపోతుంది. కూలర్‌లోకి గాలి వెళ్లే చోట ఒక థర్మామీటర్ పెట్టి, ప్రాసెసర్ టెంపరేచర్‌లోంచి ఆ గాలి టెంపరేచర్ తీసేసి తేడా మాత్రమే రాసుకున్నాను. అరగంట నడిపాక చివరి 5 నిమిషాల సగటే లెక్క. ప్రతిసారీ పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచేశాను.

ఇంకొకటి, నాకు బాగా నచ్చిన ఏర్పాటు. పేస్ట్ పూసే పని మా చెల్లికి అప్పగించాను. ప్రతిసారీ నడిమధ్యన బఠాణీ గింజంత, అంతే. ఏ సిరంజ్ తీయాలో చీటీలు తీసి తనే తేల్చుకునేది, నోట్‌బుక్‌లో రాసుకునేది. నేను పక్క గదిలో ఉండి, తను పిలిచాక వచ్చి కూలర్ బిగించేవాడిని. నాలుగూ బూడిద రంగువే కాబట్టి ఏది ఏదో నాకు తెలిసే దారి లేదు. ఖరీదైన పేస్ట్ వంతు వచ్చిందని తెలిస్తే స్క్రూ ఇంకాస్త శ్రద్ధగా తిప్పుతాం, అది మన చేతిలో లేని సంగతి. ఒక్కో పేస్ట్‌కి నాలుగుసార్లు చొప్పున పదహారు బిగింపులు. మూడు ఆదివారాలు పట్టింది.

ఒక బిగింపులో టెంపరేచర్ ఉన్నట్టుండి 6 డిగ్రీలు ఎక్కువ చూపించింది. విప్పి చూస్తే పేస్ట్ ఒక పక్క పల్చగా, ఇంకో పక్క మందంగా ఉంది. ఒక మూల స్క్రూని ముందే పూర్తిగా బిగించేశాను, అదీ కారణం. ఆ కొలత తీసేసి మళ్లీ చేశాను. అప్పటినుంచి ఎదురెదురు మూలలకు మార్చి మార్చి, అర చుట్టు చొప్పున తిప్పుతూ వచ్చాను. ఆ ఒక్క స్క్రూ తెచ్చిన తేడా, తర్వాత నాలుగు పేస్ట్‌ల మధ్య వచ్చిన తేడా కన్నా పెద్దది.

ఇక అంకెలు. ఎమ్‌ఎక్స్-4 నాలుగుసార్లకీ గది గాలి కన్నా 46.1, 47.3, 46.6, 47.6 డిగ్రీలు ఎక్కువ చూపింది. అదే పేస్ట్, అదే చేయి, అయినా 1.5 డిగ్రీల తేడా. నాకు ఈ పరీక్షలో దొరికిన అసలైన కొలబద్ద ఇదే. సగటున ఎమ్‌ఎక్స్-4 46.9, ఎన్‌టీ-హెచ్1 46.6, క్రయోనాట్ 45.8. క్రయోనాట్ ముందుంది, నిజమే. కానీ 1.1 డిగ్రీల ఆధిక్యాన్ని నాలుగు బిగింపులతో నిజమైన గెలుపని నేను చెప్పలేను. ఉచిత పేస్ట్ సగటు 48.9. దాని నాలుగు కొలతలూ మిగతా మూడింటి కొలతలన్నిటికన్నా పైనే ఉన్నాయి కాబట్టి, అది వెనకబడిందని మాత్రం ధైర్యంగా చెప్పగలను. అదైనా 2 డిగ్రీలే.

డబ్బా మీద అంకెలు చూస్తే ఇంత దగ్గరగా వస్తాయని అనిపించదు. ఉష్ణవాహకత, అంటే వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె (మీటర్‌కి, డిగ్రీకి ఇన్ని వాట్లని లెక్క), ఎమ్‌ఎక్స్-4కి 8.5 అనీ, క్రయోనాట్‌కి 12.5 అనీ తయారీదారులు రాస్తారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 10 చదరపు సెంటీమీటర్ల చోట 50 మైక్రాన్ల పూత, దాని గుండా 120 వాట్లు. వాహకత 4 అయితే పూత దగ్గర నష్టం 1.5 డిగ్రీలు, 8 అయితే 0.75. వాహకత రెట్టింపైనా ఒక డిగ్రీ కూడా మిగల్లేదు. పూత మందం సగానికి తగ్గినా అంతే లాభం. గాలి వాహకత 0.026 మాత్రమే, కాబట్టి పేస్ట్ అసలు పని లోహాల మధ్య సందుల్లోంచి గాలిని వెళ్లగొట్టడం. ఆ పని నాలుగూ చేస్తున్నాయి.

పేస్ట్‌కి బదులు పూసే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లలేదు. కండక్టోనాట్ లాంటి వాటిలో గాలియం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంట్ పారనిస్తుంది. బొట్టు పక్కకి జారితే బోర్డు పోతుందన్న టెన్షన్‌తో పదహారుసార్లు విప్పి బిగించడం నా వల్ల కాదు. పేస్ట్‌కి బదులు పరిచే హనీవెల్ పీటీఎమ్7950 షీట్ కూడా ఈ పోటీలో లేదు. అది సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకునే రకం, పైగా షీట్‌ని చూడగానే గుర్తుపట్టేస్తాను. లాప్‌టాప్‌లలో చిప్ మీద హీట్ స్ప్రెడర్ (వేడిని పరిచే లోహపు మూత) ఉండదు, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పేస్ట్ కొంచెం కొంచెం అంచులకు జరిగిపోతుంది. అలాంటి చోట నేనైతే షీటే వేస్తాను.

డెస్క్‌టాప్‌కి కొత్తగా కొనాలంటే నా ఓటు ఎమ్‌ఎక్స్-4కి. సిరంజ్‌లోంచి సులువుగా వస్తుంది, తుడిస్తే సులువుగా పోతుంది. మొదటిసారి కూలర్ బిగించేవాళ్లకు ఒక డిగ్రీ కన్నా ఇదే ఎక్కువ మేలు. డబ్బాలో పేస్ట్ వచ్చి ఉంటే అదే వాడండి, కొత్తది కొనాల్సిన పని లేదు.

అరగంట పరీక్షలో మన్నిక తెలియదు. అందుకే చివరి బిగింపుని విప్పకుండా అలాగే ఉంచాను. ఎనిమిది నెలలయ్యాక మొన్న అదే 120 వాట్లతో, అదే ఫ్యాన్ వేగంతో కొలిచాను. ఆ రోజు 46.6, మొన్న 47.0. నోట్‌బుక్ తెరిచి చూస్తే చెల్లి రాసిన పేరు ఎమ్‌ఎక్స్-4.