తమ్ముడి విడాకుల కేసులో ఉచిత లాయర్: న్యాయ సేవాధికార సంస్థలో మాకు దొరికిన సహాయం

జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అక్కడ లాయర్‌ని ఉచితంగా ఇస్తారంటే, అది గతిలేనివాళ్ల కోసమని మా చుట్టాల్లో చాలామందికి చిన్నచూపు. మా తమ్ముడి విడాకుల కేసు అక్కడ ఇచ్చిన ప్యానల్ లాయరే (ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్) నడిపారు. ఫీజు ఇస్తామన్నా బయట దొరకని శ్రద్ధ మాకు ఆమె దగ్గర దొరికింది. గార్డియన్ ఉన్న మనిషి మీద విడాకుల కేసు పడితే ఏం చేయాలో తెలియక టెన్షన్ పడే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను.

పెళ్లయిన కొన్నేళ్లకు మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలింది. అప్పట్లో 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం అమల్లో ఉండేది. దాని కింద జిల్లా కోర్టు విచారణ జరిపి, వాడి బాగోగులకూ ఆస్తికీ అమ్మని గార్డియన్‌గా, అంటే బాధ్యురాలిగా, పెట్టింది. 2017లో వచ్చిన కొత్త చట్టంలో ఆ గార్డియన్ పద్ధతే తీసేశారు. మాది పాత ఆర్డరు. మా మరదలు ఏళ్ల తరబడి ఓర్చుకుంది, ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. చివరికి ఇక నావల్ల కాదని ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసింది. ఆమె మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

సమన్లు రాగానే ఒక ప్రైవేటు లాయర్ని కలిశాం. "మీ అమ్మగారు గార్డియనే కదా, మ్యూచువల్ కన్సెంట్‌కి, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకి, మార్చేద్దాం, ఆవిడ సంతకం పెడితే ఆరు నెలల్లో తేలిపోతుంది" అన్నారు. ఇంకొకాయన అసలు హాజరు కావద్దన్నారు. ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం లేకుండానే ఇచ్చే తీర్పు) వస్తే రానివ్వండి, తర్వాత కొట్టేయించుకోవచ్చట. ఇద్దరిలో ఒక్కరు కూడా మా తమ్ముడిని చూస్తామని అడగలేదు.

న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేయడానికి కష్టపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కాబట్టి ఆదాయ సర్టిఫికెట్ అడగరు. తమ్ముడి సదరం (వైకల్యం) సర్టిఫికెట్, ఆధార్, కోర్టు సమన్లు, అమ్మ పేరున ఉన్న పాత ఆర్డరు జిరాక్సులు పెట్టి ఒక కాగితం రాసిస్తే తీసుకున్నారు. మరదలు కూడా కావాలంటే ఇదే చట్టం కింద లాయర్ని పెట్టుకోవచ్చు. ఆఫీసుకు వెళ్లలేనివాళ్లకు 15100 హెల్ప్‌లైన్ ఉంది.

మాకు ఇచ్చిన లాయర్ మేడమ్ కాగితాలు తిరగేసి, నేనేమీ చెప్పకముందే, "ఆయనేరీ?" అని అడిగారు. తమ్ముడు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఫైలు చేత్తో పట్టుకుని బయటికొచ్చి వాడి పక్కనే కూర్చున్నారు. "ఈ కేసులో నేను మీ లాయర్ని. మీ అక్కగారికి కాదు" అని చెప్పి, పిటిషన్‌లో ఏముందో తేలిక మాటల్లో చెప్పారు. వాడు విన్నాడు. మధ్యలో వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. ఆమె ఆగి, మళ్లీ చెప్పారు. నాకు ఆ ఆఫీసు మీద గౌరవం కుదిరింది అక్కడే.

గార్డియన్ సంతకంతో పరస్పర అంగీకార విడాకులు అన్న మాటను ఆమె మొదట్లోనే పక్కన పెట్టేశారు. అంగీకారం అంటే ఆ భార్యాభర్తలదే అయ్యుండాలి, తల్లి అయినా అక్క అయినా ఆ మాట వాళ్ల తరఫున చెప్పేది కాదన్నారు. గైర్హాజరు అవుదామన్న సలహా కూడా ప్రమాదమేనన్నారు. మానసికంగా తన ప్రయోజనాలు కాపాడుకోలేని మనిషి మీద కేసు నడవాలంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ ప్రకారం ఆ కేసు కోసం కోర్టే గార్డియన్‌ని నియమించాలి. అది లేకుండా వచ్చిన డిక్రీ తర్వాత నిలవదు. అలా అయితే మరదలికి కూడా నష్టమే, ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకోవాలి.

అమ్మ అప్పటికే కోర్టు పెట్టిన గార్డియన్ కాబట్టి ఈ కేసులోనూ ముందు ఆమెకే అవకాశం. వేరేవాళ్లని పెట్టాలంటే జడ్జిగారు కారణాలు రాయాలి. అమ్మకి వినికిడి బాగా తగ్గింది, వాయిదాలకు తిరగలేదు. అందుకని నన్ను ప్రతిపాదించారు. అప్పుడు మేడమ్ నన్ను విడిగా కూర్చోబెట్టి, "మీకూ ఆయనకూ ఉమ్మడి ఆస్తి ఉందా? పంపకాలు అయ్యాయా? ఈ విడాకులు వస్తే మీకేమైనా కలిసొస్తుందా?" అని నిలదీశారు. మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్నలే అవి. వాడి ప్రయోజనానికి అడ్డొచ్చే స్వార్థం నాకు లేదని అఫిడవిట్ ఇచ్చాను, బాధ్యతకు ఒప్పుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టాను. రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవరినీ గార్డియన్‌గా పెట్టరు. ఇంట్లో తగినవాళ్లు ఎవరూ లేకపోతే కోర్టు ఉద్యోగినే ఆ స్థానంలో పెట్టే వీలుంది.

తర్వాత జడ్జిగారు తమ్ముడిని ఛాంబర్‌కి పిలిపించారు. పేరు, ఈ రోజు ఏ వారం, ఇక్కడికెందుకు వచ్చావని అడిగారు. వారం తప్పు చెప్పాడు. ఎందుకు వచ్చావంటే మాత్రం, "తను విడిపోతానంటోంది. తన బంగారం బ్యాంకు లాకర్లో ఉంది, అది తనకిచ్చేయాలి" అన్నాడు. ఆ బంగారం సంగతి మా ఇంట్లో అందరం మర్చిపోయాం. మేడమ్ అది వెంటనే రాసుకున్నారు. స్త్రీధనం ఆమె సొత్తు, కౌంటర్లోనే, అంటే కోర్టుకిచ్చే మన జవాబులోనే, ఒప్పుకుందాం అన్నారు, అలాగే ఒప్పుకున్నాం. గార్డియన్ అవసరమని తేలినా, ఈ విషయంలో వాడి మాటే పనికొచ్చింది.

కేసు హిందూ వివాహ చట్టం పదమూడో సెక్షన్‌లోని మానసిక రుగ్మత కారణం మీద వేశారు. జబ్బు పేరు చెప్పగానే విడాకులు వచ్చేస్తాయని మేం అనుకున్నాం. కాదట. కలిసి బతకడం అవతలి మనిషి నుంచి ఆశించలేనంత తీవ్రంగా జబ్బు ఉందని రుజువు కావాలని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒక డాక్టర్ దంపతుల కేసులో స్కిజోఫ్రీనియా కారణంగా అడిగిన విడాకులకు ఒప్పుకోలేదు కూడా. మేడమ్ మాకిది చెప్పింది ఎలాగైనా గెలిపిస్తానని కాదు. కౌంటర్లో జబ్బు లేదని అబద్ధం రాయకుండా, దాని తీవ్రత గురించి డాక్టర్ చెప్పేదే కోర్టు ముందుంచాలని. జబ్బు ఉందా లేదా అన్నదే తగాదా అయితే మానసిక ఆరోగ్య బోర్డుకు పంపుతారు. మాకు ఆ అవసరం రాలేదు. డాక్టర్‌ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసినప్పుడు కూడా ఆమె ఒక్క అడుగు హద్దు దాటలేదు, మరదలిని అవమానించే ప్రశ్న ఒక్కటీ వేయలేదు.

భరణం దగ్గర నాకూ మేడమ్‌కీ మాట తేడా వచ్చింది. మరదలికి ఉద్యోగం ఉంది. ఇరవై ఐదో సెక్షన్ ప్రకారం శాశ్వత భరణం భార్య అయినా భర్త అయినా అడగవచ్చు. ఆడపిల్ల దగ్గర డబ్బు తీసుకుంటామా, వద్దంటే వద్దన్నాను. "అది మీ డబ్బు కాదమ్మా. ఆయనది. వదులుకునే హక్కు మీకు లేదు" అన్నారు ఆమె. గార్డియన్ చేసే ఏ రాజీకైనా కోర్టు అనుమతి కావాలని, తేరగా వదిలేసే రాజీకి జడ్జి అంత తేలిగ్గా ఒప్పుకోరని వివరించారు. విషయం తెలిశాక మరదలే ముందుకొచ్చి, "వదినా, ఆయన మందులకు ఎంత అవుతుందో చెప్పండి" అంది. చివరికి కోర్టు అనుమతితో తమ్ముడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించారు. వడ్డీ వాడి ఖాతాలో పడుతుంది, అసలు తీయాలంటే కోర్టును అడగాలి. బంగారం లాకర్ నుంచి తీసి లిస్టు రాసి ఆమెకు అప్పగించాం. సాక్ష్యం చూసి విడాకులు మంజూరు చేశారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్యానల్ లాయర్లకు కేసులు ఎక్కువ, వాయిదా రోజు మన పిలుపు వచ్చేవేళకి ఆమె మరో కోర్టు హాల్లో ఉండేవారు. ఫోన్ ఎత్తేది సాయంత్రాలే. కేసు మధ్యలో ఆమె ప్యానల్ గడువు అయిపోయి వేరే లాయర్ వస్తారని చెప్పినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వచ్చిన కొత్త మనిషికి మళ్లీ బంగారం నుంచి భరణం దాకా అన్నీ చెప్పాలా అని. మొదటి నుంచీ నడిపినవాళ్లనే కొనసాగించమని సంస్థ కార్యదర్శికి దరఖాస్తు పెడితే ఒప్పుకున్నారు. ఇది అడిగితేనే జరుగుతుంది, మనకి ఎవరూ చెప్పరు. ముందు గదిలో కూర్చునే సిబ్బందికి గార్డియన్ కేసుల గురించి తెలిసింది తక్కువ. "రోగి సంతకం పెట్టాలి" అని వకాల్తా (లాయర్‌కి కేసు అప్పగించే కాగితం) ఒకసారి వెనక్కిచ్చారు. గార్డియన్‌గా నియమించిన ఆర్డరు జిరాక్సు ఎప్పుడూ సంచీలో పెట్టుకోండి.

ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీలన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. మందుల చీటీలు కూడా. డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి, ఒకటి బ్యాంకు తీసేసుకుంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి వైద్యానికి డబ్బు తీయాల్సి వస్తే, ఆ పిటిషన్ కూడా ఇదే ఆఫీసు ద్వారా ఉచితంగానే వేయించుకోవచ్చు. మొన్న తమ్ముడిని ఆస్పత్రిలో చేర్చినప్పుడు మేం అలాగే వేయించాం.