హబుల్ 'కాస్' డేటా క్రమాంకనం: వాడినవారి మాట

హబుల్ టెలిస్కోపులో 2009 మే నెలలో వ్యోమగాములు అమర్చిన 'కాస్' స్పెక్ట్రోగ్రాఫ్ (కాంతిని తరంగదైర్ఘ్యాలవారీగా విడదీసి నమోదుచేసే పరికరం) పరిశీలనలను, పరిశీలన జరిపిన శాస్త్రవేత్తల ప్రత్యేక హక్కుల గడువు తీరాక, అంతరిక్ష టెలిస్కోపుల డేటాను దాచే మాస్ట్ భాండాగారం నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆ డేటా క్రమాంకనంలో, అంటే పరికరం నమోదు చేసినదాన్ని అసలు కొలతలకు సరిచేయడంలో, నాకు అన్నిటికన్నా నచ్చింది తరంగదైర్ఘ్యాల సవరణ. గ్రేటింగులను (కాంతిని విడదీసే సన్నని గాట్ల పలకలను) మోసే యంత్రాంగం తిరిగిన వెంటనే కుదురుగా నిలవదు, కాసేపు మెల్లగా జారుతూనే ఉంటుంది. అందుకే నక్షత్రకాంతిని నమోదు చేస్తున్నప్పుడే ప్లాటినం-నియాన్ దీపాన్ని మధ్యమధ్య కాసేపు వెలిగించి, దాని వర్ణపటంలోని గీతలు ఎంత జరిగాయో కొలిచి, ఆ మేరకు ఫోటాన్ల స్థానాలను సరిచేస్తారు. ఎంత ముందుచూపు!

ప్రకాశం కొలతకు ఆ దీపం పనికిరాదు. జీడీ 71 వంటి శ్వేతకుబ్జ తారల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారల) వాతావరణం దాదాపు శుద్ధ హైడ్రోజన్ కాబట్టి, వాటి వర్ణపటం ఎలా ఉండాలో లెక్కగట్టి, దానినే కొలబద్దగా వాడతారు. దూర అతినీలలోహిత డిటెక్టరులో ఎక్కువ కాంతి పడిన చోటు క్రమంగా నీరసిస్తుంది గనుక, వర్ణపటం పడే స్థానాన్ని కొన్నేళ్లకొకసారి మారుస్తున్నారు.

కొత్తవారు ఒకటి గమనించాలి. ఫైలు తెరిచి గ్రాఫు గీయగానే, తరంగదైర్ఘ్యం 1216 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర నిటారుగా లేచే శిఖరం చాలావరకు భూమిని చుట్టి ఉన్న హైడ్రోజన్ వెలుగే. క్రమాంకనం దాన్ని తొలగించదు. క్రమాంకనానికి వాడే ప్రమాణ ఫైళ్లు ఎప్పటికప్పుడు మెరుగవుతుంటాయి కాబట్టి, ఏళ్ల క్రితం దించుకున్న వర్ణపటాన్ని పక్కనపెట్టి, మళ్లీ కొత్తగా దించుకోవడమే మంచిది.