ఎక్సెల్ లాంటి షీట్‌లో సార్ట్ చేసినా (వరుసల క్రమం మార్చినా) లెక్క చెదరకూడదంటే ఏది మేలు: డాలర్ గుర్తా, వీలుకప్పా, సార్ట్ ఫార్ములానా?

కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లులో వడ్ల కొనుగోలు లెక్కలు రాసేటప్పటి మాట. 'రైతులు' షీట్‌లో వరుసగా నంబరు, పేరు, ఊరు, పుట్లు. 'చెల్లింపులు' షీట్‌లో రైతుల పేర్లు టైప్ చేసి, పుట్ల కోసం =రైతులు!డి5 అని నేరుగా సెల్ ఇచ్చాను. లారీలు పంపడానికి వీలుగా ఉంటుందని ఒకరోజు రైతుల షీట్‌ని ఊళ్లవారీగా సార్ట్ చేశాను. ఐదో వరుసలోని విడవలూరు రైతు కిందికి పోయి, అక్కడికి అల్లూరు రైతు వచ్చాడు. చెల్లింపుల్లో మాత్రం విడవలూరు పెద్దాయన పేరు పక్కన 12 పుట్లకి బదులు 7 పడింది. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే 4,250 కిలోల వడ్లు తేడా! "తూకం చీటీ నా దగ్గరే ఉంది గదా, ఇదేంది నాయనా" అని ఆయన ఫోన్ చేశాడు. ఆ రాత్రి కూర్చుని ప్రతి చీటీ మళ్లీ చూశాను.

సెల్ చిరునామాలో డాలర్ గుర్తులు పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. ఫార్ములాని కాపీ చేసినప్పుడు సెల్ చిరునామా మారకుండా ఆపడం వరకే డాలర్ పని. సార్ట్ చేస్తే ఆ చిరునామాలో ఉండే మనిషే మారిపోతాడు. పుట్టి ధరలాంటిది పట్టికకి బయట ఒకే సెల్‌లో పెట్టుకున్నప్పుడు మాత్రం డాలర్ తప్పనిసరి.

నా ఓటు వీలుకప్‌కే, అంటే ఒక నంబరుని పట్టికలో వెతికి దాని వరుసలోని విలువని తెచ్చే ఫార్ములాకే. ప్రతి రైతుకీ ఒక నంబరు ఇచ్చి, చెల్లింపుల్లో =వీలుకప్(ఎ2, రైతులు!ఎ:డి, 4, 0) అని రాస్తే, అది వరుసని కాకుండా నంబరుని వెతుక్కుంటూ పోతుంది. రైతు ఏ వరుసకి పోయినా ఆయన పుట్లు ఆయనకే వస్తాయి. చివరి సున్నా మర్చిపోవద్దు. అది లేకపోతే దగ్గరి నంబరుతో సరిపెట్టుకుని ఇంకొకరి లెక్క తెచ్చిపెడుతుంది. నంబర్లు చేత్తో టైప్ చేయాలి. పై సెల్‌కి ఒకటి కలిపే ఫార్ములాతో ఇస్తే, సార్ట్ చేయగానే అవే మారిపోతాయి. మధ్యలో కొత్త కాలమ్ చేరిస్తే ఆ 4 తప్పుతుంది కాబట్టి, కాలమ్‌లు తరచూ చేర్చేవాళ్లకి మ్యాచ్‌తో వరుసని వెతికి ఇండెక్స్‌తో విలువ తెచ్చే జోడీ ఫార్ములా మేలు.

సార్ట్ ఫార్ములా గూగుల్ షీట్స్‌లోనూ ఎక్సెల్ 2021లోనూ ఉంది. అసలు పట్టికని కదిలించకుండా, వరుస మార్చిన నకలు వేరే షీట్‌లో చూపిస్తుంది. స్టాకు నిల్వ లెక్కకి ఇదే దారి. అక్కడ ప్రతి వరుసా పై వరుస నిల్వని తీసుకుంటుంది కాబట్టి, అసలు పట్టికని సార్ట్ చేస్తే వీలుకప్ కూడా లెక్కని కాపాడజాలదు. కానీ ఆ నకలు పక్కన "డబ్బు ఇచ్చాం" లాంటివి టైప్ చేయొద్దు. అసలు పట్టికలో కొత్త రైతు చేరగానే పేర్లు జరుగుతాయి, మీరు టైప్ చేసింది మాత్రం ఉన్నచోటే ఉండి ఇంకొకరి పక్కన కనిపిస్తుంది.